చూసిన లెక్క ఒకటి, ఇచ్చిన లెక్క ఒకటి
(కంప్యూటర్ పాఠం: కెర్నల్‌లో ‘రేస్ కండిషన్’ అంటే ఏమిటి?)

 

ఈసారి సంచికకు కంప్యూటర్ చదువుకునే పిల్లలకు పనికివచ్చే పాఠం ఒకటి రాయమని కార్యవర్గం వారు అడిగారు. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడంలోనో, ఇంగ్లీషులోనో చదువుతున్నారు. సాంకేతిక విషయాన్ని తెలుగులో చదివే అవకాశం వారికి తక్కువ. అందుకని వీలైనంత తేలికగా రాస్తాను. కంప్యూటర్ తెలియని తల్లిదండ్రులు కూడా మొదటి భాగమూ చివరి భాగమూ తప్పక చదవాలని కోరుతున్నాను.

1. మన ట్రస్టు పద్దు పుస్తకంలో జరిగిన సంగతి

ఇది 2001 నాటి మాట. అప్పుడు నేను బళ్ళారిలో డిప్లొమా రెండో సంవత్సరం. ట్రస్టు నిధి చిన్నది. ఆ ఏడాది అందరికీ పంచగా చివరికి ఒక్క విద్యార్థికి సరిపడా 4,000 రూపాయలు మిగిలాయి. పద్దు పుస్తకం బళ్ళారిలో కార్యదర్శి గారి దగ్గర ఉండేది. దాని కార్బన్ కాపీ హోసపేటలో కోశాధికారి గారి దగ్గర ఉండేది. ఒక ఆదివారం నేను కార్యదర్శి గారిని కలిశాను. ఆయన పుస్తకం తెరిచి చూసి, “ఒక్కరికి ఉంది నాయనా, రేపు వచ్చి తీసుకో” అన్నారు. అదే రోజు హోసపేటలో ఒక అమ్మాయి తన తండ్రితో కోశాధికారి గారి ఇంటికి వెళ్ళింది. ఆయన కూడా తన కాపీ చూసి, “ఒక్కరికి ఉందమ్మా, బుధవారం బళ్ళారికి వెళ్ళి తీసుకోండి” అన్నారు.

నేను సోమవారం వెళ్ళి తెచ్చుకున్నాను. ఆ అమ్మాయి బుధవారం వచ్చేసరికి సొమ్ము లేదు. ఆ ఏడు ఆమె బి.ఎస్సి.లో చేరలేకపోయింది. మరుసటి ఏడు ట్రస్టు మొదటి పేరు ఆమెదే రాసింది, చేరింది. కాని ఒక సంవత్సరం పోయింది.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. దొంగలెక్క రాయలేదు. ఇద్దరు పెద్దలూ పుస్తకం చూసే మాట ఇచ్చారు. వారు చూసినది చూసిన క్షణానికి నిజమే. చూడడానికీ ఇవ్వడానికీ మధ్య కొంత కాలం గడిచింది, ఆ కాలంలో లెక్క మారిపోయింది. అంతే జరిగింది.

ఆ తరువాత ట్రస్టులో ఒక నియమం పెట్టారు. పుస్తకం ఒక్కటే ఉండాలి. ఎవరు మంజూరు చేస్తే వారి చేతిలో పుస్తకం ఉండాలి. చూడడం, మాట ఇవ్వడం, సంతకం పెట్టడం మూడూ ఒకే కూర్చునికలో జరగాలి. అవి పూర్తయ్యేదాకా పుస్తకం చేయి మారకూడదు. ఈనాటికీ అదే పద్ధతి.

ఈ ఉదంతం ఇక్కడ రాయడానికి కార్యవర్గం అనుమతి తీసుకున్నాను. ఎందుకంటే పాఠమంతా ఇందులోనే ఉంది. ఈ పొరపాటు కంప్యూటర్‌లో జరిగితే దానిని ‘రేస్ కండిషన్’ అంటారు. ఇద్దరు ఒకే వస్తువు కోసం పరుగు పందెం వేసుకున్నప్పుడు ఎవరు ముందు వస్తారన్న దానిని బట్టి ఫలితం మారిపోవడమన్న మాట.

2. కంప్యూటర్ లోపల ఏమవుతుంది?

కంప్యూటర్ ఒకేసారి ఎన్నో పనులు చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఒక్కొక్క పనిని ‘ప్రాసెస్’ అంటారు. ఒక ప్రాసెస్ లోపల విడివిడిగా నడిచే దారులను ‘త్రెడ్లు’ అంటారు. ప్రాసెసర్ వీటిని క్షణంలో చిన్న భాగం ఒకదానికి, మరో భాగం ఇంకొకదానికి పంచుతూ నడిపిస్తుంది. ఒక త్రెడ్ పనిని ఎక్కడ ఆపి రెండోదానికి వంతు ఇస్తుందో ప్రోగ్రాం రాసినవారికి ముందుగా తెలియదు. ఈ మాట బాగా గుర్తుంచుకోండి.

ఇప్పుడొక చిన్న లెక్క. బ్యాంకు ఖాతాలో 1,000 రూపాయలున్నాయి. ఒక త్రెడ్ 500, మరో త్రెడ్ 200 జమ చేయాలి. జమ చేయడమంటే మూడు మెట్లు: నిల్వ చదవడం, కూడడం, తిరిగి రాయడం.

మొదటి త్రెడ్ చదివింది: 1,000.
రెండో త్రెడ్ చదివింది: 1,000.
మొదటి త్రెడ్ కూడి రాసింది: 1,500.
రెండో త్రెడ్ కూడి రాసింది: 1,200.

ఖాతాలో 1,700 ఉండాలి. 1,200 ఉంది. 500 రూపాయలు ఎవరూ తీయకుండానే మాయమయ్యాయి. ఒకదాని తరువాత ఒకటిగా జరిగి ఉంటే ఏ తప్పూ లేదు. ప్రోగ్రాంలోని ప్రతి వాక్యమూ విడివిడిగా చూస్తే సరిగ్గానే ఉంది. అందుకే ఇటువంటి తప్పులు పరీక్షలో దొరకవు. లక్షసార్లు సరిగ్గా నడిచి, లక్షా ఒకటోసారి తప్పుతాయి.

దీనికి మందు ‘లాక్’, అంటే తాళం. నిల్వ చదివే ముందు తాళం వేసుకోవాలి, రాసిన తరువాత తీయాలి. ఆ లోపల రెండోవారు బయట వేచి ఉండాలి. మన ట్రస్టు పుస్తకం నియమమూ ఇదే. అయితే తాళాలకూ కష్టాలున్నాయి. ఒక పిల్లవాడి దగ్గర వృత్తలేఖిని, మరొకడి దగ్గర స్కేలు ఉన్నాయనుకోండి. ఇద్దరికీ రెండూ కావాలి, ఎవరూ తమది వదలరు. అప్పుడు ఇద్దరి లెక్కా ఆగిపోతుంది. దీనిని ‘డెడ్‌లాక్’ అంటారు. తాళాలు ఎక్కువైతే పని కూడా నెమ్మదిస్తుంది. కాబట్టి ఎక్కడ తాళం వేయాలి, ఎంతసేపు ఉంచాలి అన్నది పెద్ద విద్య.

ఇది పుస్తకాల్లోని భయం మాత్రమే కాదు. 1985–87 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్–25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం వల్ల ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. కారణాల్లో ఒకటి ఇటువంటి తప్పే. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవడానికి సుమారు ఎనిమిది సెకన్లు పట్టేది. చేయి తిరిగిన ఆపరేటరు ఆ లోపలే తెరమీది వివరాలను దిద్దితే, యంత్రం ఆ దిద్దుబాటును గమనించేది కాదు. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ సుమారు ఐదు కోట్ల మందికి కరెంటు పోయింది. అందుకు అనేక కారణాలున్నా, ఒహాయోలోని కంట్రోలు గదిలో హెచ్చరిక గంట మోగించవలసిన సాఫ్ట్‌వేర్ రేస్ కండిషన్ వల్ల మూగబోవడం వాటిలో ఒకటి.

3. కెర్నల్ అంటే?

ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డున ఉండే భాగం కెర్నల్. మెమొరీ ఎవరికి ఇవ్వాలి, ఏ ఫైలు ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు అన్నవి అదే తీర్మానిస్తుంది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ ఈరోజు సర్వర్లలోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలోనూ ఉంది.

లినక్స్‌లో మామూలు వాడుకరి ఒకరు, ‘రూట్’ మరొకరు. మామూలు వాడుకరి అద్దెకున్నవాడు, తన గది వరకే అతని హక్కు. రూట్ ఇంటి యజమాని. మామూలు వాడుకరి దొంగదారిన రూట్ కాగలిగితే ఇక ఆ కంప్యూటర్లో ఏ గోడా లేనట్టే. కెర్నల్‌లో రేస్ కండిషన్ ఉంటే ప్రమాదం ఇక్కడే. కెర్నల్ ‘ఇతనికి అనుమతి ఉందా?’ అని చూసే క్షణానికీ, పని చేసే క్షణానికీ మధ్య సందు దొరికితే, కావాలనే ఆ సందులో దూరేవాడు ఒకడు వస్తాడు.

మామూలుగా లక్షలో ఒకసారి జరిగే తప్పు వల్ల నష్టమేమిటి అని మీరు అడగవచ్చు. కంప్యూటర్‌కు అలసట లేదు. దాడి చేసేవాడు రెండు త్రెడ్లను ఎదురెదురుగా నిలిపి, క్షణానికి వేలసార్లు అదే పని చేయిస్తాడు. లక్షలో ఒకటి అన్నది కొద్ది సేపట్లోనే వచ్చి తీరుతుంది.

4. ‘డర్టీ కౌ’ కథ

ఇందుకు బాగా ప్రసిద్ధి చెందిన ఉదాహరణ 2016 అక్టోబరులో బయటపడిన ‘డర్టీ కౌ’. దాని అధికారిక సంఖ్య సీవీఈ–2016–5195. ‘కౌ’ అంటే ఇక్కడ ఆవు కాదు. ‘కాపీ ఆన్ రైట్’ అనే మూడు మాటల మొదటి అక్షరాలు. రాయవలసి వచ్చినప్పుడే నకలు తీయడం అని అర్థం.

ముందు ఈ పద్ధతి అర్థం చేసుకుందాం. కాలేజీ గ్రంథాలయంలో ఒక అపురూపమైన పుస్తకం ఒక్కటే ప్రతి ఉంది. ఎంతమంది చదివినా ఆ ఒక్కటే చాలు. కాని ఎవరైనా ఒక పుటమీద గీతలు గీసుకుంటానంటే, గ్రంథపాలకుడు ఆ పుటను జెరాక్స్ తీసి ఇస్తాడు. గీతలు జెరాక్స్ మీదే పడతాయి, అసలు పుస్తకం చెక్కుచెదరదు. కెర్నల్ కూడా ఇలాగే చేస్తుంది. అనేక ప్రోగ్రాములు ఒకే ఫైలును చదువుతుంటే మెమొరీలో ఒక్క ప్రతి ఉంచుతుంది. ఎవరైనా తన సొంతానికి మార్చుకోబోతే అప్పుడే ఆ పుటకు నకలు తీసి ఇస్తుంది. దీనివల్ల మెమొరీ ఎంతో ఆదా అవుతుంది.

ఇప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో చూడండి.

(అ) ఒక ప్రోగ్రాం రూట్‌కు చెందిన ఫైలును ‘చదవడానికి మాత్రమే’ మెమొరీలోకి తెచ్చుకుంటుంది. చదివే అనుమతి అందరికీ ఉన్న ఫైలు కనుక ఇందులో తప్పేమీ లేదు. మార్పులేవైనా ఉంటే తన సొంత నకలులోనే అని ముందే షరతు రాసుకుంటుంది. దీనికి వాడే పిలుపు పేరు ఎమ్‌మ్యాప్.

(ఆ) మొదటి త్రెడ్, లినక్స్‌లో తన మెమొరీనే ఒక ఫైలులాగా చూపించే ప్రత్యేక దారి గుండా, ‘ఈ పుటలో ఫలానా మాట రాయి’ అని కెర్నల్‌ను అడుగుతుంది.

(ఇ) కెర్నల్ ‘రాయడానికి’ అనే గుర్తుతో పుట కోసం వెతుకుతుంది. రాయదగ్గ పుట లేదు కనుక నకలు తయారుచేస్తుంది.

(ఈ) ఆ ప్రాంతం చదవడానికి మాత్రమే తెరిచినది కాబట్టి, నకలు మీద కూడా ‘రాయవచ్చు’ అనే ముద్ర పడదు. మళ్ళీ ‘రాయడానికి’ అని వెతికితే మళ్ళీ దొరకదు. అందుకని కెర్నల్, ‘నకలు తీశాను కదా, ఇక భయం లేదు’ అనుకుని, ‘రాయడానికి’ అనే గుర్తును తీసేసి మరోసారి వెతకడానికి బయలుదేరుతుంది.

(ఉ) సరిగ్గా ఈ సందులో రెండో త్రెడ్ ఎమ్‌అడ్వైజ్ అనే పిలుపుతో, ‘ఆ పుట నాకు అక్కరలేదు, పారేయి’ అంటుంది. నకలు పోతుంది.

(ఊ) కెర్నల్ వెతికితే పుట లేదు. ఫైలు నుండి మళ్ళీ తెస్తుంది. ఇప్పుడు ‘రాయడానికి’ అనే గుర్తు లేదు కదా! చదవడానికే కాబోలు అనుకుని అసలు పుటనే ఇస్తుంది. మొదటి త్రెడ్ అడిగిన రాత దాని మీద పడుతుంది.

గ్రంథాలయం మాటల్లో చెప్పాలంటే: గ్రంథపాలకుడు జెరాక్స్ తీసి బల్లమీద పెట్టాడు. చీటీలో ‘గీతలకు’ అన్న మాట కొట్టేశాడు. అటు తిరిగేలోగా మీ స్నేహితుడు జెరాక్స్‌ను చెత్తబుట్టలో వేశాడు. ఆయన తిరిగి వచ్చి చీటీ చూశాడు. గీతల మాట అందులో లేదు. అసలు పుస్తకం చేతికిచ్చాడు. మీ కలం ముందే తెరిచి ఉంది.

రూట్ ఫైళ్ళలో వాడుకరుల జాబితా ఉంటుంది, రూట్ అధికారంతో నడిచే ప్రోగ్రాములుంటాయి. వాటిని ఇలా మార్చగలిగితే మామూలు వాడుకరి క్షణాల్లో యజమాని అయిపోతాడు. పైగా ఈ దాడి వల్ల కంప్యూటర్ దినచర్య పుస్తకంలో, అంటే లాగ్‌లో, అసాధారణమైన గుర్తు ఏదీ మిగలదు.

ఈ లోపం 2007లో వచ్చిన 2.6.22 కెర్నల్ నుండి, తొమ్మిదేళ్ళపాటు, అందరి కళ్ళముందే ఉంది. లినక్స్ మూలపాఠం ఎవరైనా చదవవచ్చునన్నది మీకు తెలుసు కదా. ఇంకా విశేషమేమిటంటే, ఇటువంటి లోపాన్ని టోర్వాల్డ్స్ స్వయంగా 2005లో గుర్తించి దిద్దబోయారు. ఆ దిద్దుబాటు వేరే రకం యంత్రాలలో ఇబ్బంది తేవడంతో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో అది కేవలం ఊహకు అందే ప్రమాదమనీ, కెర్నల్ మారుతూ వచ్చిన కొద్దీ నిజమయిందనీ ఆయనే 2016లో దిద్దుబాటుతోపాటు రాశారు. దానిని తాను అప్పుడు సరిగ్గా దిద్దలేదని కూడా దాచకుండా రాశారు. అంతటివారు తమ పాత తప్పును బహిరంగంగా ఒప్పుకోవడం పిల్లలు గమనించవలసిన విషయం.

దీనిని కనిపెట్టినవారు ఫిల్ ఓస్టర్. ఆయన తన సర్వరుకు వచ్చే రాకపోకలన్నిటినీ నమోదు చేసి ఉంచుకునే అలవాటున్నవారు. ఎవరో ఆ సర్వరు మీద దాడికి వాడిన ప్రోగ్రాం ఆ నమోదులో దొరికింది. అంటే మంచివారికి తెలిసేలోగానే చెడ్డవారు దీనిని వాడుతున్నారన్న మాట. దిద్దుబాటు 4.8.3, 4.7.9, 4.4.26 కెర్నల్‌లలో వచ్చింది. దిద్దినది కొద్ది వరుసలే. ‘రాయడానికి’ అనే గుర్తును తీసేయకుండా, ‘నకలు తీశాను’ అనే కొత్త గుర్తు పక్కన చేర్చారు. దొరికిన పుట నిజంగా ఆ నకలేనా అని కూడా చూసుకునేటట్లు చేశారు. ఆ దిద్దుబాటులో కూడా ఒక మూల మిగిలిపోయి, పెద్ద పుటల విషయంలో మరో లోపం 2017 నవంబరులో బయటపడింది. దానినీ దిద్దారు.

5. నేను చేసిన ఆలస్యం

ఇక తల్లిదండ్రులు తప్పక చదవవలసిన భాగం.

2016లో నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడిని. కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు. డర్టీ కౌ వార్త వచ్చిన వారంలోనే దిద్దుబాటు కూడా అందుబాటులోకి వచ్చింది. కాని కెర్నల్ మార్చాలంటే సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇంటర్నల్ పరీక్షలు నడుస్తున్నాయి. “పరీక్షలు అయ్యాక చూద్దాం” అన్నారు పైవారు. నేను సరేనన్నాను. గట్టిగా అడగవలసింది, అడగలేదు.

నాలుగో రోజు సాయంత్రం రెండో సంవత్సరం కుర్రాడు ఒకడు ల్యాబు మూసే వేళకు వచ్చి నిలబడ్డాడు. చింతామణి వైపు పల్లె వాడు. ఇంట్లో మనలాగే తెలుగు. “సార్, మీకొకటి చూపించాల” అని తన మామూలు ఖాతాతో లోపలికి వెళ్ళి, ఒక ప్రోగ్రాం నడిపాడు. కొన్ని సెకన్లలో తెరమీద రూట్ అని వచ్చింది. ముందురోజే ఒకసారి చేసి చూశానన్నాడు. ఆ సర్వరులోనే అధ్యాపకులు ఇంటర్నల్ మార్కులు ఉంచేవారు. “మార్కులు నేను ముట్టుకోలేదు సార్. చెప్పాలనే వచ్చినా” అన్నాడు.

వాడి మాట నేను నమ్మాను. కాని నమ్మకం వేరు, రుజువు వేరు. రూట్ అధికారం చేతికి వచ్చినవాడు ఏమి మార్చాడో, ఏమి మార్చలేదో ఆ కంప్యూటరే చెప్పలేదు. పైన చెప్పినట్టు లాగ్‌లో గుర్తులుండవు. వాడికి తెలిసినది ఇంకొకరికి తెలియలేదని ఎలా అనగలం? చివరికి ముగ్గురు అధ్యాపకులు రెండు రోజులు కూర్చుని, మొత్తం మార్కులను జవాబు పత్రాలతో పోల్చి చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సర్వరును మొదటి నుండి మళ్ళీ నిలబెట్టాను.

యాజమాన్యం వాడిని కాలేజీ నుండి తీసేయాలన్నది. వాడి తండ్రిని పిలిపించారు. ఆయన గారపని చేసే మేస్త్రీ. చేతులకు సిమెంటు మరకలతోనే వచ్చాడు. లోపల ఇంగ్లీషులో ఏమి మాట్లాడుతున్నారో ఆయనకు తెలియలేదు. బయట వరండాలో నన్ను పట్టుకుని, “సార్, మావోడు దొంగతనం చేసినాడా?” అని అడిగాడు.

దానికి జవాబు చెప్పడం నాకు తేలిక కాలేదు. “దొంగతనం చేయలేదన్నా. మేము తాళం వేయని తలుపు ఒకటుంది. అడగకుండా తీసి లోపలికి పోయి చూసినాడు. ఏమీ తీయలేదు. వచ్చి మాకు చెప్పినాడు. పోయింది తప్పు, చెప్పింది మంచిపని” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “తాళం ఎయ్యాల్సింది ఎవరు సార్?” అన్నాడు.

“నేనేనన్నా” అన్నాను.

ఆ మాటే లోపలికి వెళ్ళి కమిటీ ముందు కూడా చెప్పాను. దిద్దుబాటు వచ్చి కూడా నేను వేయలేదని కాగితం మీద రాసి ఇచ్చాను. వాడిని కాలేజీ నుండి తీసేయలేదు. రెండు వారాలు సస్పెండ్ చేశారు. ఆ రెండు వారాల్లో రెండు ఇంటర్నల్ పరీక్షలు పోయాయి. ఆ సెమిస్టరులో ఒక సబ్జెక్టు తప్పాడు. దానితో వాడికి వచ్చే ఫీజు రాయితీ ఆగిపోయింది. ఆ తండ్రి అప్పు చేసి కట్టాడు. కుర్రాడు తరువాత డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాడు. అయినా ఆ అప్పు గుర్తొచ్చినప్పుడల్లా నా ఆలస్యం నాకు గుర్తొస్తుంది. ఆదివారం అరగంట సర్వరు ఆపి ఉంటే సరిపోయేది.

6. విద్యార్థులు పాటించవలసినవి

మొదటిది: ఇటువంటి విషయాలు నేర్చుకోవడం తప్పు కాదు. తప్పక నేర్చుకోవాలి. కాని ప్రయోగాలు మీ సొంత కంప్యూటర్ మీదే చేయాలి. ఒక కంప్యూటర్ లోపల మరో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే ‘వర్చువల్ మెషీన్’ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో పాత లినక్స్ వేసుకుని ఎన్నిసార్లు పాడుచేసినా ఎవరికీ నష్టం లేదు.

రెండవది: ఇతరుల కంప్యూటర్ మీద, అది మీ కాలేజీదైనా సరే, రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఏ పరీక్షా చేయవద్దు. మన ఐటీ చట్టం 2000లోని 66వ సెక్షన్ ప్రకారం, యజమాని అనుమతి లేకుండా దురుద్దేశంతో గానీ మోసంతో గానీ కంప్యూటర్‌లోకి చొరబడితే మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దురుద్దేశం లేదని కేసులో నిరూపించుకునేలోగా మీ చదువు ఏమవుతుందో ఆలోచించండి.

మూడవది: ఏదైనా లోపం మీ కంట పడితే దానిని వాడవద్దు, స్నేహితులకు చూపించి గొప్పలు పోవద్దు. చూసినది చూసినట్టు రాసి బాధ్యులకు తెలపండి. వారు పట్టించుకోకపోతే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్–ఇన్ ఉంది. ఇటువంటి ఫిర్యాదులు తీసుకోవడం దాని పనుల్లో ఒకటి.

నాలుగవది: ఈ దారిలో ఉద్యోగం కావాలనుకునేవారు ముందు సి భాష, డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ గట్టిగా చదవాలి. ఐఐటీల వారి ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. కోచింగుకు డబ్బు లేదని ఆగిపోవద్దు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఫోనులో ‘అప్‌డేట్ చేయండి’ అని వస్తే రేపు చూద్దామని వదిలేయకండి. డర్టీ కౌ దిద్దుబాటు వచ్చిన మరుసటి ఏడు, 2017లో, అదే లోపాన్ని వాడుకునే ‘జెడ్‌నియు’ అనే దొంగ ప్రోగ్రాం ఆండ్రాయిడ్ ఫోన్లలో బయటపడింది. ఎక్కువగా దెబ్బతిన్నది చైనాలోనూ మన దేశంలోనూ ఉన్న ఫోన్లేనని దానిని కనిపెట్టిన ట్రెండ్ మైక్రో కంపెనీవారు చెప్పారు. పిల్లవాడు కంప్యూటర్ ముందు ఏమి చేస్తున్నాడో అర్థం కాకపోతే కోప్పడకుండా, “ఇది ఎవరి కంప్యూటరు? అడిగి చేస్తున్నావా?” అన్న రెండు ప్రశ్నలు వేయండి. అవి అడగడానికి కంప్యూటర్ చదువు అక్కరలేదు.

7. అభ్యాసం

1) ఖాతాలో 2,000 రూపాయలున్నాయి. ఇద్దరు ఒకేసారి రెండు ఏటీఎంలలో చెరి 1,500 తీయబోయారు. ‘సరిపడా నిల్వ ఉందా?’ అన్న తనిఖీ ఇద్దరికీ ముందే జరిగిపోతే ఏమవుతుంది? మెట్లవారీగా రాయండి.

2) పైన (ఈ) మెట్టులో కెర్నల్ ‘రాయడానికి’ అనే గుర్తును తీసేయకుండా ఉంటే (ఊ) మెట్టులో ఏమి జరిగేది?

3) మన ట్రస్టు పుస్తకం నియమంలో తాళం ఏది? తాళం వేసేది ఎప్పుడు, తీసేది ఎప్పుడు? పుస్తకం పట్టుకున్నవారు ఊరికి వెళ్ళిపోతే వచ్చే చిక్కు ఏమిటి?

4) మీ ఇంట్లోగానీ, బడిలోగానీ, రేషను దుకాణంలోగానీ ‘చూసినప్పుడు ఉంది, అడిగేసరికి లేదు’ అన్న సందర్భం ఒకటి రాసి, దానికి మీరు పెట్టే నియమం చెప్పండి.

జవాబులు తెలుగులోగానీ, మీరు చదివే భాషలోగానీ రాసి, ఉపకార వేతనాల పంపిణీ రోజున తీసుకురండి. నేను ఉదయం నుండి అక్కడే ఉంటాను. సందేహాలుంటే మొగమాటం లేకుండా అడగండి.

అందరికీ చదువులో జయం కలగాలని కోరుతూ,

మన ట్రస్టు పూర్వ విద్యార్థి ఒకరు, బళ్ళారి